ఒక ఉపసర్గమునకు చెప్పిన యర్థము

హైకోర్టు తీర్పులు చదువుట గృహస్థులకు పనిలేని పని యని తలచువారు కలరు. మే మట్లు తలపము. 1897 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టునందు తిలకుగారి విచారణ యంతయు నొక్క ఇంగ్లీషు మాటమీద నడచెను. దాని ఫలము తెలుగుదేశమువఱకును వచ్చినది.

శిక్షాస్మృతి 1860లో పుట్టినను రాజద్రోహమును గూర్చిన 124-ఎ సెక్షను దానిలో 1870లోగాని చేరలేదు. ప్రభుత్వముపట్ల ‘డిసఫెక్షన్’ పుట్టించుట నేరమని యది చెప్పెను. విధేయతకు భంగము లేక ప్రభుత్వ చర్యలను గర్హించుట నేరము కాదనియు జెప్పెను. ఆ మాటకు మాత్రము నిర్వచన మియ్యలేదు. 1891లో వంగవాసి పత్రికపై నడచిన విచారణలో కలకత్తా ప్రధాన న్యాయాధిపతి పెథరాముగారు అది ప్రీతికి విరుద్ధమైన భావము, అనగా అయిష్టము లేక ద్వేషము, అని జూరీకి బోధించిరి. ఆఱేండ్లకు బొంబాయిలో స్ట్రాచీగారు అది ప్రీతి లేకుండుటయే యనిరి. వెనువెంటనే ద్వేషము, శత్రుత్వము, తిరస్కారము మొదలగు సమస్త దుర్భావములను అందే చేర్చిరి. అలజడి పుట్టినదా లేదా యను విచారమే అక్కఱలేదనిరి.

సంస్కృతము చదివినవారి కీ చిక్కు క్రొత్తది కాదు. మన వైయాకరణులు నఞ్‌నకు ఆఱర్థములు చెప్పిరి. వానిలో అభావము వేఱు, విరోధము వేఱు. అమిత్రుడనగా శత్రువు. వీథిలో బోవు నపరిచితుడు మనకు మిత్రుడు కాడు. అంతమాత్రమున నతనిని అమిత్రు డందుమా? ప్రభుత్వముపై ప్రేమ లేకుండుటయే నేరమైనచో, కఱవునాడు పన్ను చెల్లించు రైతులలో నెందఱు నిర్దోషులుగా మిగులుదురు?

జూరీలో నార్గురు యూరోపియనులు, మువ్వురు భారతీయులు. కేసరి వ్యాసములు మరాఠీలోనివి. విచారణ సాగినది అనువాదముమీద. ఆర్గురు దోషి యనిరి, మువ్వురు కాదనిరి. తిలకుగారికి 18 నెలల కఠినశిక్ష పడెను. మోక్షమూలర పండితుడు మొదలగువారి విన్నపముపై 1898లో గడువునకు ముందే విడుదలైరి. ఆ యేడే సెక్షనును సవరించి, రాజభక్తి లేమియు సమస్త శత్రుభావములును ఆ మాటలో జేరునని వ్రాసిరి. స్ట్రాచీగారి వ్యాఖ్యానము చాలవఱకు శాసనమే యైనది. 1908లో బెజవాడ స్వరాజ్య పత్రికను నడపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మూడేండ్లు శిక్షితులైనది ఈ సెక్షను క్రిందనే.

హింసకుగాని అలజడికిగాని ప్రేరేపించిననే నేరమని సుప్రీంకోర్టు 1962లో కేదారనాథుని వ్యాజ్యమున నిర్ణయించెను. 2024 జూలై 1న పాత శిక్షాస్మృతియే రద్దయ్యెను. క్రొత్త సంహిత 152వ సెక్షనులో ఆ పాత మాట లేదు. ‘సబ్వర్సివ్’ అను మఱియొక మాట నిర్వచనము లేకయే చేరినది.