కాలగోళము నుండి టైమ్ సర్వరు వరకు

నడిసముద్రములో ఓడ ఏ రేఖాంశముపై నున్నదో తెలియుటకు నమ్మదగిన గడియారము కావలెను. అందు 4 సెకనుల తప్పున్నచో భూమధ్యరేఖ దగ్గర ఓడ స్థానము సుమారు 1.85 కిలోమీటర్లు తప్పును. కావున రేవు విడుచుటకు ముందే నావికులు గడియారములను సరిచూచుకొనుచుండిరి.

ఇందుకై 1833లో గ్రీనిచ్ వేధశాల శిఖరముపై ఒక స్తంభమునకు గోళమును అమర్చిరి. ప్రతిదినము 12 గంటల 55 నిమిషములకు అది సగము ఎత్తునకును, 58 నిమిషములకు కొనకును లేచెడిది. సరిగా ఒంటిగంటకు క్రిందికి జారెడిది. గోళము లేచుట హెచ్చరిక, జారుట ఆ క్షణము. ఏ గంటయో తెలుపుట ఒక పని. అది ఏ క్షణమున పడినదో తెలుపుట మరియొక పని.

1852లో గ్రీనిచ్ సంకేతము టెలిగ్రాఫు తీగల నెక్కినది. 1924 ఫిబ్రవరి 5న బి.బి.సి. రేడియోలో ఆరు ‘పిప్’ ధ్వనులు మొదలైనవి. మొదటి అయిదును హెచ్చరికలు. ఆరవదాని ఆరంభమే గంట.

కంప్యూటర్లు ఒకదానితో నొకటి కలిసిన పిదప ఈ సమస్య మరల తలయెత్తినది. 1985లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మిల్స్ నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్‌ను ప్రకటించెను. ఇందులో ఒక యంత్రము వేరొకదానిని కాలమడిగి, రాకపోకలకు పట్టిన వ్యవధిలో సగమును దారిలో గడచిన కాలముగా నెంచును. కాని పోవుటకు 10 మిల్లీసెకనులు, వచ్చుటకు 30 పట్టినచో లెక్క 10 మిల్లీసెకనులు తప్పును. ఉత్తరములు చదువుకొనుటకు ఇది చాలును. విద్యుత్ లైను తెగినచోటును రెండు కొసల గడియారములతో కనిపెట్టుటకు చాలదు. అక్కడ 1 మిల్లీసెకను తప్పిన సుమారు 150 కిలోమీటర్ల పొరపాటు కలుగును!

అందువలన సర్వరునకు బయటి సంకేతము నొసగిరి. జి.పి.యస్. ఉపగ్రహములలో పరమాణు గడియారములు కలవు. వాటి రేడియో తరంగములను గ్రహించు పరికరము ప్రతి సెకను ఆరంభమున ఒక విద్యుత్ స్పందనమును చిన్న తీగగుండా సర్వరునకు పంపును. దారి కొలదియగుటచే దాని ఆలస్యమును ముందే కొలిచి తీసివేయవచ్చును. తప్పు మైక్రోసెకనుల ప్రాంతమునకు దిగును.

అయితే ఆ స్పందనమునకు పేరు లేదు. ప్రతి సెకనుకును అది ఒకే రీతిగా నుండును. తేదీ, గంట, నిమిషము, సెకను సంఖ్యలు వేరొక సందేశముగా వచ్చును. ఆ సందేశము కొంత ఆలస్యమైనను బాధలేదు. అరసెకనుకు మించి తప్పకున్న చాలును. సందేశము ‘ఏది’ అని చెప్పును, స్పందనము ‘ఎప్పుడు’ అని చెప్పును. గ్రీనిచ్ గోళము లేచుటకును జారుటకును నున్న సంబంధమే ఇది.