చేసన్నలు: శాస్త్రం పేర్లు, ఊరి పేర్లు

చేతితో చేసే సైగను తెలుగులో చేసన్న అంటారు. సంస్కృత పదమైన 'సంజ్ఞ' ప్రాకృతం మీదుగా 'సన్న'గా మారి, చేతితో చేరితే చేసన్నగా, కంటితో చేరితే కనుసన్నగా స్థిరపడింది.

కృష్ణా జిల్లాలోని చల్లపల్లి, దివిసీమ పరిసరాల్లో ఈ సన్నలకు శాస్త్ర గౌరవం చాలా కాలంగా ఉంది. దివిసీమను ఏలిన అయ్య వంశంలో పుట్టి, కాకతీయ గణపతిదేవుని వద్ద గజసాహిణిగా, అంటే ఏనుగుల దళానికి అధిపతిగా పనిచేసిన జాయప సేనాని, 13వ శతాబ్ది నడుమ 'నృత్తరత్నావళి' అనే నాట్యశాస్త్ర గ్రంథాన్ని సంస్కృతంలో రచించాడు. చల్లపల్లికి ఉత్తరాన ఉన్న కూచిపూడిలో నేర్పే హస్తాలకు, అంటే నాట్యంలోని చేతి ముద్రలకు, నందికేశ్వరుని 'అభినయదర్పణం' ఆధారం. దానిని 1917లో ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, తర్వాత చీరాల-పేరాల ఉద్యమాన్ని నడిపినవాడు, నాటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టాడు. అభినయదర్పణంలో ఒంటి చేతితో పట్టే అసంయుత హస్తాలు 28 కాగా, పతాకం, ముకుళం, సర్పశీర్షం వంటి పేర్లు జెండా, మొగ్గ, పాము పడగల పోలికను బట్టి వచ్చాయి.

ఊరి మాట పోలికను కాక పనిని పట్టుకుంది. సంస్కృతంలో బెదిరించే వేలు కనుక తర్జని అయినది తెలుగులో చూపుడువేలు అయింది. నాట్యంలో అదే వేలు చాచిన సూచీహస్తం పరబ్రహ్మను సైతం చూపగా, వాడుకలో 'వేలెత్తి చూపడం' అంటే తప్పు పట్టడమే. వంటింట్లో చిటికెడు ఉప్పు, పిడికెడు బియ్యం, ఒక చేతి గుంటలో పట్టే పుడిసెడు నీళ్లు, రెండు చేతులు కలిపిన దోసెడు గింజలు, కొలతకు బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు: ఇవన్నీ చేతిని ఒక తీరున పట్టి చూపితేనే అర్థమయ్యే మాటలు. దిష్టి తీసే పెద్దామె బిడ్డ ముఖం చుట్టూ రెండు చేతులూ తిప్పి, వేళ్లను తన కణతలకు ఆనించి నొక్కగానే కీళ్లు టపటపలాడతాయి; అంత క్రియనూ 'మెటికలు విరవడం' అన్న రెండు మాటలు మోస్తాయి. ఆశ్చర్యపోతే ముక్కున వేలేసుకోవడం, తప్పు ఒప్పుకుంటే చెంపలు వేసుకోవడం కూడా ఇంత నిండైన మాటలే, నాట్య పరిభాషకు ఏ విధంగానూ తీసిపోనివే.

హస్తాల పేర్లను గ్రంథాలూ గురువులూ కాపాడుతూ వచ్చారు. టేపు, చెంచా వచ్చాక బెత్తె, పుడిసిలి వంటివి వాడుక నుంచి జారిపోతున్నాయి గనుక, దివిసీమ పెద్దల నోట అవి వినిపిస్తున్నంతలోనే, చేతి పట్టుతో సహా నమోదు చేసుకోవాలి.