పది మైళ్ల రోష్నీ, ఎవరి చిరాగ్?

మా ఇంట్లో వీధి దీపానికి సలాం చెప్పేవాళ్లం. నవ్వకండి. మగ్రిబ్ వేళకి గలీ మొదట్లో స్తంభం మీద బల్బు వెలగ్గానే దాదీ చేతిలో పని ఆపి, పిల్లలందరినీ వరసగా నిలబెట్టి పెద్దవాళ్లకి సలాం చేయించేది. అసలిది ఇంటి దీపానికి సంబంధించిన రివాజు. చిరాగ్ బత్తీ వేళ అంటాం కదా, అప్పుడు. గోడ తాఖ్‌లో దీపం ముట్టించాక చిన్నవాళ్లు పెద్దవాళ్లకి సలాం చెప్పాలి. మా ఇంటికన్నా ముందు వీధికి కరెంటు వచ్చింది. దాంతో దాదీ రివాజునే వీధిలోకి మార్చేసింది.

అబ్బాది ఇంకో రకం. ఇషా చదివి ఇంటికొస్తూ దీపాలు లెక్కపెట్టేవారు. "పద్నాలుగులో పదకొండు" అని అమ్మీకి చెప్పాలి. "మిగతా మూడూ ఏమయ్యాయి?" అని అమ్మీ అడగాలి. అడిగేదాకా దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చునేవారు కాదు.

ఆ పిచ్చి నాకూ అంటింది, కాకపోతే నేను తారీఖ్ కితాబుల్లో దీపాలు లెక్కపెడుతున్నాను. మన ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మాట తిరుగుతూ ఉంటుంది, మీకూ వచ్చే ఉంటుంది: లండన్ చీకట్లో ఉన్న జమానాలో ఖుర్తుబాలో వీధి దీపాలు వెలిగేవి, దునియాలో మొదటి వీధి దీపాలు మనవే అని. ఫఖ్ర్ పడే మాటే. కానీ "మొదటి" అన్నది నిలవదు. 4వ శతాబ్దంలోనే అంతాకియా నగరంలో రాత్రి దీపాల వెలుగు పగటిని తలపించేదని రోమన్ చరిత్రకారుడు అమ్మియానస్ రాశాడు. అప్పటికి ఇస్లాం రావడానికి ఇంకా రెండు శతాబ్దాలకు పైగా ఉంది.

మరి ఖుర్తుబా ముచ్చట ఎక్కడిది? 13వ శతాబ్దపు అందలూసీ అదీబ్ అష్షఖుందీ తన దేశాన్ని పొగుడుతూ ఒక రిసాలా రాశాడు. 17వ శతాబ్దంలో అల్ మఖ్ఖరీ తన పెద్ద గ్రంథంలో చేర్చడం వల్ల అది మనదాకా వచ్చింది. ఖుర్తుబా, జహ్రా, జాహిరా నగరాల కట్టడాలు ఒకదానికొకటి కలిసిపోయి ఉండేవట. వరసగా ఉన్న దీపాల వెలుగులో పది మైళ్లు నడవగలిగేవారట. ఇంతే ఉంది. స్తంభాల ప్రస్తావన లేదు, సర్కారు నూనె పోసిందన్న మాటా లేదు. పైగా మదీనత్ అజ్జహ్రా 1010లో ఫిత్నా రోజుల్లో లూటీ అయింది. అష్షఖుందీ రాసింది రెండొందల ఏళ్ల తర్వాత. తను చూసింది కాదు, విన్నది.

దీంతో ఖుర్తుబా ఇజ్జత్ తగ్గుతుందని నాకనిపించదు. ఆయన వాడిన మాట చూడండి: సురుజ్. సిరాజ్‌కి బహువచనం, మన పిల్లలకి పెట్టుకునే సిరాజే. ఆ దీపాలు ఎవరి దర్వాజాల ముందువో ఆయన చెప్పలేదు గానీ, ఇలాంటి వెలుగు ఎలా పుట్టేదో వేరే నగరాలు చెప్తాయి. 1417లో లండన్ మేయర్ హెన్రీ బార్టన్ చలికాలం రాత్రుళ్లు లాంతర్లు వేలాడదీయాలని హుకుం ఇచ్చాడు. వేలాడదీయాల్సింది ఇళ్లవాళ్లే. ఆ కాలంలో వీధి దీపం అంటే చాలా చోట్ల ఎవరి గడప ముందు వాళ్లు పెట్టుకునే చిరాగే. ఆ లెక్కన మా దాదీ పెద్ద వింత పనేం చేయలేదు.

అన్నట్టు ఆవిడే పడుకునే ముందు ఇంట్లో ప్రతి దీపమూ ఆర్పించేది. ఎలుక వత్తి లాక్కెళ్లి ఇల్లు తగలబెడుతుంది, దీపాలు ఆర్పండి అని హదీసుంది కదా. కరెంటు బల్బుకి వత్తి ఎక్కడుంది దాదీ అంటే వినేది కాదు.

దీపాల మాటకొస్తే నాకు ఖుర్తుబా కన్నా మిస్ర్ ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే అక్కడ కళ్లతో చూసినవాడు దొరుకుతాడు. 1047లో మిస్ర్ చేరిన నాసిర్ ఖుస్రో తన సఫర్‌నామాలో ఫుస్తాత్ గురించి రాశాడు. ఇళ్లు అంత ఎత్తున ఉండటంతో కొన్ని బజార్లలో, గలీల్లో ఎండ పడక పగలు కూడా దీపాలు వెలిగేవట. అమ్ర్ మసీదు పక్కనే సూఖ్ అల్ ఖనాదీల్, అంటే ఖందీళ్ల బజారు. మనం తెలుగులో కందీలు అనేది ఆ ఖందీలే. అరబ్బులకి ఆ మాట రోమన్ల 'కాండెలా' నుంచి చేరింది. ఆ మసీదుకి ఖలీఫా అల్ హాకిమ్ ఇచ్చిన వెండి దీపాల గుత్తి ఎంత పెద్దదంటే, లోపలికి పట్టక దర్వాజా పగలగొట్టాల్సి వచ్చిందట. పండగ రాత్రుళ్లు ఏడొందలకు పైగా దీపాలు.

ఈ అల్ హాకిమ్‌దే (996–1021) నేను చెప్పదలచుకున్న చివరి ముచ్చట. ఆయనకి రాత్రుళ్లు నగరంలో తిరగడం ఇష్టం. అందుకని ఖాహిరాలో దుకాణాల ముందు, ఇళ్ల ముందు రాత్రంతా దీపాలు పెట్టాలని హుకుం జారీ చేశాడు. జనం పోటీ పడి వెలిగించారు. అర్ధరాత్రి బజార్లు నడిచాయి, ఆడా మగా అందరూ బయటికొచ్చారు. కొంతకాలానికే ఇంకో హుకుం వచ్చింది: రాత్రిపూట ఆడవాళ్లు బయట కనిపించకూడదు. ఆ తర్వాత మగవాళ్లు కూడా దుకాణాల్లో కూర్చోకూడదన్నాడు.