ఆరెంజ్ జూలియస్

ఆరెంజ్ జూలియస్ అమెరికాలో పుట్టిన చిక్కటి, నురగల నారింజ పానీయం. 1926లో జూలియస్ ఫ్రీడ్ లాస్ ఏంజెలెస్‌లో నారింజరసం దుకాణం తెరిచాడు. ఆ పులుపు తన కడుపుకు పడక, అతని మిత్రుడు బిల్ హామ్లిన్ రసాన్ని మృదువుగా మార్చే మిశ్రమం కనిపెట్టాడు. దాంతో అమ్మకాలు ఊపందుకున్నాయి. 1987లో డెయిరీ క్వీన్ సంస్థ ఈ దుకాణాల వ్యాపారాన్ని కొనేసింది.

అసలు మిశ్రమం వ్యాపార రహస్యం. అయినా ఇంట్లో దాదాపు అదే రుచి తెచ్చుకోవచ్చు.

గడ్డకట్టిన చిక్కటి నారింజరసం, పాలు, నీళ్లు, పంచదార, కాస్త వెనిల్లా, ఐసుముక్కలు మిక్సీలో వేసి తిప్పాలి. ఐసు గరగర తగ్గి, లేత నారింజరంగు నురగ పైకి పొంగితే సరిపోయినట్టే. కమ్మదనమంతా వెనిల్లాదే, అది మానేస్తే రుచి చప్పబడుతుంది. నారింజలోని ఆమ్లం పాలను విరిచేస్తుంది కాబట్టి అన్నీ బాగా చల్లగా ఉండాలి, తిప్పిన వెంటనే తాగేయాలి.