హ్యాక్ వార్త చూసి ఈటీఎఫ్ కొంటే ఏమవుతుంది? పదేళ్ల కథ



2024 జులై 19, శుక్రవారం. ఆ రోజు శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ నుంచి కోల్‌కతా వెళ్లాల్సిన ఒక ప్రయాణికుడి చేతికి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ఆ ఫోటో మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికన్ సైబర్ సెక్యూరిటీ కంపెనీ ఒక తప్పు అప్‌డేట్ పంపింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. దొంగ ఎవరూ రాలేదు, కాపలావాడే తాళం విరగ్గొట్టాడన్నమాట.

ఆ ఒక్క రోజులో క్రౌడ్‌స్ట్రైక్ షేరు 11 శాతం పడింది. దాని పోటీ కంపెనీ సెంటినెల్‌వన్ షేరు మాత్రం అదే రోజు దాదాపు 8 శాతం పెరిగింది. ఈ రెండూ ఒకే బుట్టలో ఉంటే ఒకదాని దెబ్బని ఇంకోటి కొంత కాచుకుంటుంది కదా. ఈటీఎఫ్ అంటే ఆ బుట్టే. ఒకే యూనిట్ కొంటే అందులో ఉన్న 30, 40 కంపెనీల్లో తలా కొంచెం మీ వాటా. షేరు కొన్నట్టే స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో కొనొచ్చు, అమ్మొచ్చు.

ఈ ఎపిసోడ్ ఎందుకంటే, మా పిన్ని కొడుక్కి మొదటి బోనస్ వచ్చింది. "అన్నా, రోజూ సైబర్ మోసాల వార్తలే. ఈ ఫీల్డ్ పెరగక ఏం చేస్తుంది? మొత్తం సైబర్ సెక్యూరిటీ ఈటీఎఫ్‌లో పెట్టేస్తే?" అని అడిగాడు. సరిగ్గా ఇదే ప్రశ్నకి వేలమంది డబ్బుతో జవాబు చెప్పిన చరిత్ర ఒకటి ఉంది. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నా. నేను సెబీ రిజిస్టర్డ్ అడ్వైజర్‌ని కాదు, ఇది కథ మాత్రమే.

కథ 2013 చివర్లో, టార్గెట్ అనే అమెరికన్ సూపర్‌మార్కెట్ చైన్‌లో మొదలవుతుంది. పండగ షాపింగ్ సీజన్‌లో దొంగలు 4 కోట్ల కార్డుల నంబర్లు ఎత్తుకుపోయారు. ఎలా దూరారో తెలుసా? ఏసీలు, ఫ్రిజ్‌లు చూసుకునే ఒక కాంట్రాక్టు కంపెనీ లాగిన్‌తో. అప్పటికే టార్గెట్ ఫైర్‌ఐ అనే కంపెనీ టూల్‌ని పెట్టుకుని ఉంది. ఆ టూల్ అలారం కొట్టింది, బెంగళూరులో కూర్చున్న టీమ్ దాన్ని చూసి అమెరికా ఆఫీసుకి చెప్పింది కూడా, అక్కడ ఎవరూ పట్టించుకోలేదు అని బ్లూమ్‌బర్గ్ తర్వాత రాసింది. నైట్ షిఫ్ట్‌లో అలర్ట్ పంపి జవాబు రాక కూర్చున్న ఇంజినీర్లకి ఈ సీన్ కొత్త కాదు. 2014 మేలో టార్గెట్ సీఈఓ పదవి పోయింది. కంప్యూటర్ దొంగతనం వల్ల అంత పెద్ద కంపెనీ సీఈఓ కుర్చీ కదలడం అదే మొదటిసారి అని అప్పట్లో పెద్ద చర్చ.

అప్పుడు ఫైర్‌ఐ షేరు ఏం చేసిందో చూడండి. 2013 సెప్టెంబర్‌లో 20 డాలర్లకి ఐపీఓ. 2014 మార్చిలో 97 డాలర్ల దాకా ఎగిరింది. మే నాటికి 30 కిందకి వచ్చేసింది. రెండు నెలలు! పోనీ హ్యాకింగ్ ఆగిందా? లేదు. ఆ ఏడాదే హోమ్ డిపో, జేపీ మోర్గాన్ వరసగా దెబ్బతిన్నాయి. దొంగతనాలు పెరిగాయి, షేరు పడింది. ఈ రెండూ కలిసి నడవవు అని చెప్పిన మొదటి పాఠం అది. జనం వినలేదు లెండి.

ఇక్కడే ప్యూర్‌ఫండ్స్ అనే చిన్న సంస్థ రంగంలోకి దిగింది. దాని సీఈఓ పేరు ఆండ్రూ చానిన్. అంతకు ముందు వీళ్లు వజ్రాల కంపెనీలతో ఒక ఈటీఎఫ్ పెట్టి, డబ్బు రాక మూసేశారు. ఈసారి 2014 నవంబర్ రెండో వారంలో సైబర్ సెక్యూరిటీ కంపెనీలతో ఒకటి మొదలెట్టారు. ఆ రంగానికి అదే మొట్టమొదటి ఈటీఎఫ్. ఎక్స్ఛేంజ్‌లో దాని పొట్టి పేరు 'హ్యాక్'. యూనిట్ సుమారు 25 డాలర్లు, ఏడాదికి ఫీజు 0.75 శాతం.

దాదాపు రెండు వారాలకి, నవంబర్ 24న, హాలీవుడ్‌లో సోనీ పిక్చర్స్ ఉద్యోగులు పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేస్తే తెర మీద ఎర్రటి పుర్రె బొమ్మ. ఈమెయిళ్లు, జీతాల లెక్కలు, రిలీజ్ కాని సినిమాలు అన్నీ బయటికొచ్చాయి. నెలరోజులు ఏ టీవీ పెట్టినా అదే వార్త, 'హ్యాక్' అన్న మాటే. ఆ మాటే ఫండ్ పేరు. ఇంతకంటే పెద్ద ఫ్రీ పబ్లిసిటీ ఏ ఫండ్‌కీ దొరికి ఉండదు. ప్లాన్ చేసి రాదు ఇలాంటిది, అదృష్టం అంతే.

డబ్బు వరదలా వచ్చింది. 2015 జూన్ మొదట్లో అమెరికా ప్రభుత్వ ఉద్యోగుల రికార్డులు చూసే ఆఫీసులోనే హ్యాకర్లు దూరారని బయటపడింది. చివరికి లెక్క తేలేసరికి 2 కోట్ల 15 లక్షల మంది వివరాలు. అదే నెలకి హ్యాక్ ఫండ్‌లో 100 కోట్ల డాలర్లు దాటాయి, అప్పటి రేటులో దాదాపు 6,400 కోట్ల రూపాయలు. ఏడు నెలల పసికందు అది. యూనిట్ 33 డాలర్ల దగ్గర ఆడుతోంది. పోటీగా ఫస్ట్ ట్రస్ట్ అనే కంపెనీ జులైలో ఇంకో సైబర్ ఈటీఎఫ్ దింపింది. దాని పొట్టి పేరు సీఐబీఆర్.

ఆ తర్వాత? 2016 ఫిబ్రవరి నాటికి హ్యాక్ యూనిట్ విలువలో మూడో వంతుకి పైగా ఆవిరైంది. వార్త చూసి జూన్‌లో కొన్నవాళ్ల అంచనా తప్పు కాదు. హ్యాకింగ్ నిజంగానే పెరిగింది, కంపెనీల సెక్యూరిటీ ఖర్చూ పెరిగింది. కానీ ఆ భయం అంతా అప్పటికే రేటులో కలిసిపోయి ఉంది. వానాకాలంలో గొడుగు ధర చెప్పక్కర్లేదు కదా. జూన్ 2015లో కొన్నవాళ్లకి అసలు తిరిగి కనిపించడానికి సుమారు రెండున్నరేళ్లు పట్టింది.

ఇదంతా చదువుకున్నాక అయినా తెలివి రావాలి. నాకు రాలేదు. 2021 డిసెంబర్ 10, శుక్రవారం గుర్తుందా? జావా వాడే టీమ్‌లలో పని చేసినవాళ్లకి ఖచ్చితంగా గుర్తుంటుంది, లాగ్‌ఫోర్‌జే. ప్రపంచంలో ఎన్నో సర్వర్లలో ఉండే ఒక చిన్న లైబ్రరీలో పెద్ద కన్నం బయటపడింది. నేను అప్పుడు ఉద్యోగంలో ఉన్నా. శని, ఆదివారాలు నిద్ర లేదు, ఏ సర్వీసులో ఏ వెర్షన్ ఉందో వెతకడం, ప్యాచ్ చేయడం, మళ్లీ కొత్త వెర్షన్ వచ్చిందంటే మళ్లీ ప్యాచ్ చేయడం. సోమవారం రాత్రి ఎర్రబడిన కళ్లతో ఫోన్ యాప్‌లో డాలర్లు వేసి సీఐబీఆర్ కొన్నా. "ఈ ఫీల్డ్ లోపలి సంగతి నాకు తెలుసు" అని నా ధీమా. 2022 ముగిసేసరికి నా డబ్బులో నాలుగో వంతు లేదు. ఆ ఏడాది అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగాయి, టెక్ షేర్లన్నీ కూలాయి. నా వీకెండ్ కష్టానికీ ఆ రేటుకీ సంబంధమే లేదు. డాలర్ 76 రూపాయల నుంచి 82కి వెళ్లడం వల్ల రూపాయల్లో నష్టం కాస్త తక్కువ కనిపించింది, అదొక్కటే ఊరట.

సరే, హ్యాక్ ఫండ్ దగ్గరికి మళ్లీ వద్దాం. ఇందులో నాకు ఎక్కువ నచ్చిన భాగం ఇదే. దాని వెనక ముగ్గురున్నారు. ఐడియా, పేరు ప్యూర్‌ఫండ్స్‌ది. ఏ కంపెనీలు ఉండాలో చెప్పే ఇండెక్స్ ఐఎస్ఈ అనే ఆప్షన్స్ ఎక్స్ఛేంజ్‌ది. లీగల్ పేపర్లు, రోజువారీ నడక ఈటీఎఫ్ మేనేజర్స్ గ్రూప్ అనే మూడో సంస్థది. 2016లో ఐఎస్ఈని నాస్‌డాక్ కొనేసింది. 2017లో ఆ మూడో సంస్థ మిగతా ఇద్దరినీ పక్కన పెట్టి, ఇండెక్స్‌నే మార్చేసింది. పొట్టి పేరు అదే, లోపలి బుట్ట వేరే. నాస్‌డాక్ కోర్టుకెక్కింది. 2019 డిసెంబర్‌లో న్యూయార్క్ జడ్జి దాదాపు 7 కోట్ల 84 లక్షల డాలర్లు కట్టమని తీర్పిచ్చారు. 100 కోట్ల డాలర్ల ఫండ్ మీద 0.75 శాతం అంటే ఏడాదికి 75 లక్షల డాలర్లు. వాళ్లు కొట్టుకుంది మన జేబులోంచి ప్రతి రోజూ కాస్త కాస్త పోయే ఆ ఫీజు కోసమే. 2024లో ఆ ఫండ్ మళ్లీ చేతులు మారి యాంప్లిఫై అనే కంపెనీకి వెళ్లింది. యాప్‌లో చూసేవాడికి మాత్రం పదేళ్లుగా అదే పేరు.

బుట్ట లోపల ఏముందో చూస్తే ఇంకా సరదా. హ్యాక్ ఫండ్‌లో జనరల్ డైనమిక్స్ ఉంది, అది ట్యాంకులు, జలాంతర్గాములు చేసే కంపెనీ. నేను కొన్న సీఐబీఆర్‌లో 2024లో పెద్ద వాటాల్లో ఒకటి ఏదనుకున్నారు? ఇన్ఫోసిస్! మా రూమ్మేట్ పని చేసే ఇన్ఫోసిస్. రూపాయలని డాలర్లు చేసి, దానికి ఛార్జీలు కట్టి, అమెరికా పంపి ఇన్ఫోసిస్ కొన్నాను నేను. నా మొహం నేను అద్దంలో చూసుకున్నా ఆ రోజు.

అలాగని బుట్ట వేస్ట్ అనను. ఫైర్‌ఐ చివరికి ఏమైందో చూడండి. 2020 డిసెంబర్‌లో దాన్నే ఎవరో హ్యాక్ చేశారు. ఆ తీగ లాగితే సోలార్‌విండ్స్ డొంక కదిలింది, సుమారు 18,000 మంది కస్టమర్లకి విషం కలిపిన అప్‌డేట్ వెళ్లిందని తేలింది. ఇంత గొప్ప పని పట్టిన కంపెనీ, మరుసటి ఏడాది తన టూల్స్ బిజినెస్‌ని పేరుతో సహా 120 కోట్ల డాలర్లకి అమ్మేసి, మాండియంట్ అన్న పేరుతో మిగిలింది. 2022లో గూగుల్ కొన్నప్పుడు షేరుకి ఇచ్చిన రేటు 23 డాలర్లు. ఐపీఓ రేటు 20. తొమ్మిదేళ్లకి మూడు డాలర్లు! దాని కంటే ఏడాది ముందు ఐపీఓకి వచ్చిన పాలో ఆల్టో నెట్‌వర్క్స్ షేరు మాత్రం స్ప్లిట్లు కలిపి చూస్తే 20 రెట్లకి పైగా పెరిగింది. 2014లో ఈ రెండిట్లో ఏది గెలుస్తుందో చెప్పమంటే నేను ఫైర్‌ఐ అనేవాణ్ణి, నిజం.

నా సీఐబీఆర్ యూనిట్లు అమ్మలేదు. 2023 చివరికి కొన్న రేటు దగ్గరికి వచ్చాయి, రెండేళ్లకి. పిన్ని కొడుకు ఇదంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే బోనస్ మొత్తం కాదు, నెలకి కొంచెం కొంచెం పెడతా. ముందు ఆ హోల్డింగ్స్ లిస్టు ఎక్కడుంటుందో చూపించు" అన్నాడు. చూపించా. ఫండ్ కంపెనీ సైట్‌లో ఉంటుంది, ఫోన్‌లోనే కనిపిస్తుంది, రెండు నిమిషాల పని. మొదటి పది పేర్లు పైకి చదివాడు, నాలుగు మాత్రమే తెలిశాయి.

విదేశీ ఈటీఎఫ్‌ల మీద మన దగ్గర ట్యాక్స్ ఎలా పడుతుంది, రిటర్న్‌లో ఎక్కడ చూపించాలి అనేది వచ్చే ఎపిసోడ్. నా ఫారం కూడా పక్కన పెట్టుకుని కూర్చుంటా. ఉంటా మరి.