బెంగుళూరు తెలుగు కుటుంబములు - సైకిలు

బెంగుళూరున స్థిరపడిన మన కుటుంబముల చరిత్రలో సైకిలునకు దక్కవలసిన స్థానము ఇంకను దక్కలేదు.

గొలుసుతో వెనుక చక్రమును త్రిప్పు రోవర్ సైకిలును 1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ రూపొందించెను. 1888లో డన్లప్ సైకిలునకు గాలి టైరు నమర్చెను. క్రమముగా అది సామాన్యుని వాహనమైనది. బెంగుళూరున 1898 నాటి ప్లేగు పిమ్మట మల్లేశ్వరము, బసవనగుడి పేటలు పెరిగినవి. అచ్చటినుండి చిక్కపేట అంగళ్ళకు రెండు మూడు మైళ్ళు. ప్రతిదినము నడచుటకు ఎక్కువ. సైకిలునకు సరియైన దూరము.

తరువాత కర్మాగారములు వచ్చినవి. 1940లో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్, 1948లో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్, 1953లో హిందూస్థాన్ మెషిన్ టూల్స్, 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్ వెలసినవి. 1941లో సుమారు 4 లక్షలున్న నగర జనాభా 1951 నాటికి 7,79,000కు చేరినది. కోలారు, అనంతపురము, చిత్తూరు ప్రాంతములనుండి వచ్చిన తెలుగువారెందరో ఇచ్చట పనులలో కుదిరిరి. కారు ధనికులదే. 1949లో మద్రాసున టి.ఐ. సైకిల్స్, 1956లో లుధియానాలో హీరో సైకిల్స్ స్థాపితమై, స్వదేశపు సైకిలు మధ్యతరగతి యింటికి అందుబాటులోనికి వచ్చినది.

ఇంటికొక్క సైకిలే. సీటుపై తండ్రి, ముందు కమ్మిపై బిడ్డ, వెనుక క్యారియరుపై తల్లి. సెలవునాడు కుమారుడు కమ్మి క్రింద కాలు దూర్చి త్రొక్కుట నేర్చెడివాడు. తల్లులలో పెడలు త్రొక్కినవారు మాత్రము తక్కువ. 2006-07లో కర్ణాటక ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకు సైకిళ్ళు పంచ నారంభించినప్పుడు, ఎందరో బాలికలకు స్వంత సైకిలు లభించినది.

ఈలోగా స్కూటరు వచ్చినది. 1983లో మారుతి కారు వచ్చినది. 2011 నాటికి నగర జనాభా 84 లక్షలు దాటినది. ఇల్లు ఒక దిక్కున, ఉద్యోగము వేరొక దిక్కున అయినవి. 2013లో కబ్బన్ పార్కున సైకిలు దినము ప్రారంభమైనప్పుడు, ఒకనాటి నిత్యకృత్యము ఆదివారపు ఉత్సవమైనది.

మన పెద్దలు కారును కాదని సైకిలు నెక్కలేదు. కారు లేకయే ఎక్కిరి. కాని ఆనాటి వీథిలో పదేండ్ల బాలుని ఒంటరిగా పంపుటకు తల్లి జంకలేదు. నేడు కారు ఉండియు సైకిలు కోరు కుటుంబములు కలవు. బిడ్డను పంపుటకు నిర్భయమైన బాట లేదు. ఆ బాటకై నగరపాలకుల నడుగుట మన బాధ్యత. అంతవరకు, రెండు మైళ్ళలోపల నున్న సభ్యులైనను రాబోవు ఉగాది సభకు కలసికట్టుగా సైకిళ్ళపై వత్తురుగాక!