మందు లేని ఉపశమనం: పాదానికి కట్టే సాధనాల చరిత్ర



తళవాయిపురంలో, రాజపాళయంలో వింటున్న మీకు చత్రపట్టి కొత్త ఊరు కాదు. అక్కడి మగ్గాల మీద నేసిన బ్యాండేజీ గుడ్డ ఎక్కడెక్కడి ఆసుపత్రులకో వెళుతుంది. పాదానికి ఆపరేషను అయ్యాక ఒంటికి తగిలే మొదటి సాధనం ఆ కట్టే. అది గాయాన్ని కాపాడుతుంది, వాపును అదుపులో ఉంచుతుంది. వాపు తగ్గితే నొప్పీ కొంత తగ్గుతుంది. మాత్రలు మింగకుండా నొప్పి తగ్గించే ఇలాంటి సాధనాలు ఇంకా ఉన్నాయి. వాటి చరిత్ర చాలా పాతది.

క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోములో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు ఉండేవాడు. గౌటు వాతంతో పాదం సలుపుతున్న రోగిని సముద్రపు ఒడ్డున తడినేల మీద నిలబెట్టి, అతని కాలి కింద బతికున్న టార్పెడో చేపను ఉంచమని ఆయన రాశాడు. ఆ చేప ఒంట్లో విద్యుత్తు పుడుతుంది. మోకాలి దాకా తిమ్మిరెక్కితే నొప్పి తెలియదు.

ఎందుకు తెలియదు? దెబ్బ తగిలిన చోట మనం చేత్తో రుద్దుకుంటాం కదా! ఆ స్పర్శ వెన్నుపాములో నొప్పి కబురు వెళ్ళే ద్వారాన్ని కొంత మూసివేస్తుందని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. తరువాత వచ్చిన వివరాలతో ఆ సిద్ధాంతం కొంత మారినా, దాని ఆధారంగానే నడుముకు తగిలించుకునే టెన్స్ అనే చిన్న యంత్రం 1970లలో వాడుకలోకి వచ్చింది. దాని పట్టీలను గాయం మీద కాదు, చుట్టూ ఉన్న మంచి చర్మం మీద అంటిస్తారు. కొందరికి మాత్రల అవసరం తగ్గుతుంది, అందరికీ కాదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడకూడదు.

నొప్పి అసలు లేకపోతే మేలు కదా అనిపించవచ్చు. 1946లో వేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ అందుకు విరుద్ధమైన సంగతి చూశారు. కుష్ఠువ్యాధితో స్పర్శ పోయినవారు గాయపడిన పాదంతోనే నడిచేవారు. నొప్పి హెచ్చరించదు కనుక పుండ్లు ముదిరేవి. మధుమేహంతో పాదాలు మొద్దుబారిన వారికీ ఇదే ప్రమాదం. ఐసు పెట్టినా, కట్టు బిగిసినా వారికి తెలియదు.

కాబట్టి ఐసును గుడ్డలో చుట్టి పది, పదిహేను నిమిషాలే ఉంచండి. స్పర్శ లేని పాదానికి డాక్టరు చెప్పనిదే అసలు వద్దు. వేళ్ళు నీలంగా మారినా, చల్లబడినా, నొప్పి ఒక్కసారిగా పెరిగినా ఓర్చుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి కట్టు విప్పించి చూపించండి.